ఓడలో క్రూ క్యాబిన్లు కట్టించే కుర్రాళ్లకి

డ్రాయింగ్‌లో ఏడుంపావు చదరపు మీటర్లు చూపించిన క్యాబిన్, ప్యానెళ్లు బిగించి తలుపు పెట్టేసరికి ఆరున్నర చిల్లరకి దిగిపోవడం షిప్‌యార్డుల్లో మామూలే. స్టీలు వాళ్లు తమ కొలత తప్పలేదంటారు, ఇన్సులేషన్ వాళ్లు మందం పెంచలేదంటారు, ప్యానెళ్ల వాళ్లు గీత మీదే నిలబెట్టామంటారు. అందరూ నిజమే చెబుతారు. చివర్లో ఓడని తనిఖీ చేసే సర్వేయరు టేపు తీసినప్పుడు మాత్రం అందరి చూపూ ఈ గదుల పని చూసే అకామడేషన్ సూపర్‌వైజర్ వైపే తిరుగుతుంది.

నేను ఆ సూపర్‌వైజర్ పనిలో విశాఖలో పడి, తర్వాత కొచ్చిలో, గల్ఫ్‌లో చేశాను. మల్కాపురం, గాజువాక, శ్రీకాకుళం వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చేసి ఈ లైన్లోకి వచ్చే కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఒకటే ప్రశ్నలు. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. చాలా ప్రశ్నలకి జవాబు ఒకటే: రూల్ అడిగేది పని మొత్తం అయిపోయాక మనిషికి మిగిలే చోటు. స్టీలు నుంచి స్టీలుకి ఎంత ఉందన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి మీ లెక్క వెనక నుంచి మొదలవ్వాలి.

ముందు కీల్ తేదీ అడగండి

ఇప్పుడు నడుస్తున్న రూలు మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసింది. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. మన దేశం 2015 అక్టోబర్ 9న ఒప్పుకుంది, సరిగ్గా ఏడాదికి మనకి అమల్లోకి వచ్చింది. అందులో క్రూ గదుల సంగతి స్టాండర్డ్ ఏ3.1లో ఉంటుంది. ఏ భాగం తప్పనిసరి. బీ భాగం మార్గదర్శకం. మార్గదర్శకమే కదా అని బీ భాగాన్ని పక్కన పెట్టేవాళ్లున్నారు. అలా చేయకండి. చాలా ఫ్లాగులు (ఓడలు రిజిస్టరయ్యే దేశాలు) బీలో ఉన్న కొలతల్నే తమ సొంత రూల్లోకి ఎక్కించుకున్నాయి, ఓనర్ స్పెసిఫికేషన్‌లో కూడా అవే ఉంటాయి.

రిపేర్ జాబ్‌కి పాత ఓడ వచ్చిందంటే ముందు దాని కీల్ (కట్టడం మొదలుపెట్టేటప్పుడు అడుగున వేసే వెన్నెముక) ఎప్పుడు వేశారో కనుక్కోండి. ఆ ఫ్లాగుకి ఈ కన్వెన్షన్ అమల్లోకి రాకముందు కట్టిన ఓడకి గదుల కట్టుబడి వరకు పాత కన్వెన్షన్లే వర్తిస్తాయి. 1949 నాటి 92వ నంబరు, 1970 నాటి 133వ నంబరు. 133లో తల మీద ఎత్తు 198 సెంటీమీటర్లు, కొత్తదాంట్లో 203. ఈ తేడా తెలియక పాత ఓడ సీలింగ్ మొత్తం విప్పించబోయిన ప్లానర్లని చూశాను.

నావికుడికి చోటు అనేది ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఒక్క అంకె చాలు. 1894 నాటి బ్రిటిష్ మర్చంట్ షిప్పింగ్ చట్టం ఒక్కో నావికుడికి ఇమ్మన్నది 12 చదరపు అడుగుల నేల, 72 ఘనపుటడుగుల గాలి. 12 చదరపు అడుగులంటే ఒక చదరపు మీటరు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఈ రోజు ఒక్క పరుపుకే అంతకన్నా ఎక్కువ చోటివ్వాలి.

నేల కొలత

ఓడ 3,000 జీటీ (గ్రాస్ టన్నేజ్, ఓడ లోపలి పరిమాణాన్ని చెప్పే లెక్క) లోపైతే ఒక్కరి క్యాబిన్ 4.5 చదరపు మీటర్లకి తగ్గకూడదు. 3,000 నుంచి 10,000 లోపు 5.5. 10,000, ఆపైన 7. విడిగా కూర్చునే గది లేని ఆఫీసర్లకి ఇదే వరసలో 7.5, 8.5, 10. కెప్టెన్‌కి, చీఫ్ ఇంజనీర్‌కి, చీఫ్ ఆఫీసర్‌కి పక్కనే డే రూమ్ ఉండాలి. 3,000 లోపు ఓడకి ఇందులో మినహాయింపు ఇవ్వొచ్చు. సరుకు ఓడల్లో మనిషికో గది అన్నది రూలు. 3,000 లోపు ఓడల్లో ఒకే గదిలో ఇద్దర్ని పెట్టనిస్తారు కానీ ఆ గది 7కి తగ్గకూడదు. 200 జీటీ లోపు టగ్గులకి నేల కొలతలో సడలింపు ఇచ్చే వీలు ఫ్లాగుకి ఉంది. ప్యాసింజర్ ఓడల లెక్క పూర్తిగా వేరు, ఆ జాబ్ తగిలినప్పుడు విడిగా చదువుకోండి.

ఇప్పుడు చోటు ఎలా కరిగిపోతుందో చూద్దాం. 10,000 జీటీ దాటిన ఓడ, ఏబీ (ఏబుల్ సీమన్, అంటే డెక్కు మీద పనిచేసే నావికుడి) క్యాబిన్. డ్రాయింగ్‌లో బయటి స్టీలు గోడ నుంచి కారిడార్ ప్యానెల్ మధ్యగీత వరకు 3.00 మీటర్లు. అటూ ఇటూ పక్క క్యాబిన్ల ప్యానెళ్ల మధ్యగీతల నడుమ 2.45. గుణిస్తే 7.35. భేష్ అనిపిస్తుంది. బయటి గోడకి లోపలివైపు స్టిఫెనర్లు (స్టీలుకి బలమిచ్చే పట్టీలు), వాటి మీద రాక్‌వుల్ ఇన్సులేషన్, దాని ముందు కాస్త ఖాళీ, ఆ ముందు లైనింగ్ ప్యానెల్. అంతా కలిపి 200 మిల్లీమీటర్లు తేలిగ్గా పోతుంది. కారిడార్ ప్యానెల్ 50 మందం, అందులో సగం మన వైపు. అంటే 3.00 కాస్తా 2.775. రెండు పక్కలా ప్యానెల్ సగాలు తీసేస్తే 2.45 కాస్తా 2.40. ఇప్పుడు గుణించండి: 6.66. గది ఫెయిల్.

అందుకే జీఏ (జనరల్ అరేంజ్‌మెంట్, ఏ గది ఎక్కడో చూపించే) డ్రాయింగ్ మీ చేతికొచ్చిన రోజే ఒక షీట్ తయారుచేసుకోండి. గది నంబరు, ఎవరి గది, స్టీలు కొలత, పోయే మందాలు, మిగిలే కొలత, రూల్ కొలత. మిగిలేది రూల్ కన్నా కనీసం 3 శాతం ఎక్కువ లేకపోతే ఆ గదికి ఎర్ర రంగు కొట్టండి. ప్యానెళ్లు నిలబెట్టేటప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవ్వక మానవు. కారిడార్ గీత ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు జరపడం డిజైన్ ఆఫీసుకి ఒక పూట పని. ప్యానెళ్లు లేచాక జరపాలంటే అది మీ వారం రోజుల నిద్ర.

ఏవి కలపాలి, ఏవి తీసేయాలి అన్నదగ్గర చాలామంది తికమకపడతారు. మంచం, లాకరు, డ్రాయర్లు, కుర్చీ ఆక్రమించిన చోటు నేల కొలతలోనే కలుస్తుంది. పైపుల కేసింగ్ వెనక మిగిలిన ముక్కోణపు మూల, సామానూ పట్టక మనిషీ నిలబడలేని సందు మాత్రం కలపకూడదు. ఎటాచ్డ్ బాత్రూమ్ నేల కూడా క్యాబిన్ లెక్కలోకి తీసుకోకండి. కొందరు డిజైనర్లు గది చాలనప్పుడు బాత్రూమ్ కలిపేసి అంకె చూపిస్తారు. షీట్‌లో దాన్ని విడి గడిలో రాస్తే ఈ గారడీ వెంటనే బయటపడుతుంది.

తల మీద ఎత్తు

నా అనుభవంలో సర్వేలో ఎక్కువగా పట్టుబడేది ఇదే. మనిషి స్వేచ్ఛగా తిరగాల్సిన ప్రతిచోటా 203 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. ఎక్కడైనా కొంత తగ్గించాల్సి వస్తే, అసౌకర్యం లేదని ఫ్లాగు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి.

డెక్కు నుంచి డెక్కుకి 2,800 మిల్లీమీటర్లు అనుకుందాం. పై డెక్కు కింద గర్డర్ 300. ఏసీ డక్టు ఇన్సులేషన్‌తో సహా ఆ గర్డర్ కింద నుంచి దాటితే 160. హ్యాంగర్లకీ చేయి పట్టడానికీ 50. సీలింగ్ ప్యానెల్ 25. కింద ఫ్లోటింగ్ ఫ్లోర్ (డెక్కు స్టీలుని నేరుగా తాకకుండా రాక్‌వుల్ మీద వేసే నేల), వినైల్ కలిపి 60. మిగిలింది 2,205. ఇంకా 175 ఉంది కదా అని గుండె మీద చెయ్యేసుకుంటారు. అప్పుడు డక్టు కింద నుంచి కేబుల్ ట్రే వస్తుంది, 100 పోయింది. వెల్డింగ్ వేడికి డెక్కు ప్లేటు అక్కడక్కడా పొంగుతుంది, దాన్ని సరిచేయడానికి లెవెలింగ్ కాంపౌండ్ పోస్తారు. అక్కడో 15, 20. మిగిలిన యాభై చిల్లరలో సీలింగ్‌కి పైకి తగిలించిన లైటు ఒకటి 60 దిగిందంటే అయిపోయింది. లైటు లోపలికి పొదిగే రకమా, పైకి తగిలించే రకమా అన్నది ఎలక్ట్రికల్ వాళ్లని మొదటి రోజే అడగండి.

ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేది ఎక్కువగా కారిడార్‌లోను, మెస్ రూమ్ గుమ్మం ముందు, కారిడార్ డక్టు నుంచి క్యాబిన్‌లోకి కొమ్మ చీలే చోట. కాబట్టి అక్కడ ఎవరు ముందు పనిచేయాలో మీరే తేల్చాలి. తేల్చకపోతే ముందొచ్చినవాడు మంచి చోటు పట్టేస్తాడు, సాధారణంగా అది కేబుల్ ట్రే వాడు. నా వరస ఇది: వాలు కావాల్సిన మురుగు పైపు మొదట, ఎందుకంటే దాన్ని ఎత్తలేం, దించలేం. తర్వాత డక్టు. తర్వాత నీళ్ల పైపులు. కేబుల్ ఎటైనా వంగుతుంది కాబట్టి చివర్లో. వాక్యూమ్ టాయిలెట్ల ఓడైతే మురుగు పైపుకి కాస్త వెసులుబాటు ఉంటుంది, అప్పుడు డక్టుకే మొదటి పీట.

ఒక యార్డులో డక్టు ఫోర్‌మన్ "పదిహేను మిల్లీమీటర్లే కదా సార్, ఎవడు చూస్తాడు" అన్నాడు. పెద్దాయన, నాకన్నా సీనియర్, ఎదురు చెప్పడానికి మొహమాటం. మాట పెంచకుండా గేజు కర్ర తెచ్చి ఆయన చేతికే ఇచ్చి, "మీరే ఒకసారి అటు చివరిదాకా నడవండి" అన్నాను. మూడుచోట్ల టక్కుమంది. సాయంత్రానికి ఆయనే మనుషుల్ని పెట్టి డక్టు దింపించి పక్కకి జరిపించాడు.

ఆ గేజు కర్ర మీరూ చేసుకోండి. సన్నటి అల్యూమినియం పైపు, సరిగ్గా 2,030 మిల్లీమీటర్లకి కోసి రెండు చివర్లా రబ్బరు బిరడా. బిరడాలు కలిపాకే 2,030 రావాలి. ఇది ఫ్లోర్ వేసేసిన గదులకి. ఇంకా ఫ్లోర్ వేయని గదులకి రెండో కర్ర కావాలి, ఆ ఓడ ఫ్లోర్ మందం కలిపి. పైన చెప్పిన ఓడకైతే 2,090. మొదటిదానికి ఎర్ర టేపు, రెండోదానికి నీలం టేపు చుట్టండి, లేకపోతే ఏదో ఒక రోజు కుర్రాళ్లు మార్చి పట్టుకుపోతారు. సీలింగ్ ఎక్కించకముందే, సీలింగ్ అడుగు వచ్చే ఎత్తులో గది ఈ మూల నుంచి ఆ మూలకి దారం లాగి నీలం కర్రతో నడవండి. లేజర్ మీటర్ మంచిదే, నా దగ్గరా ఉంది. కానీ లేజర్ మీరు గురిపెట్టిన చుక్కనే కొలుస్తుంది. కర్ర పట్టుకుని నడిస్తే మీరు చూడని బోల్టు కూడా తగులుతుంది.

గది ఎక్కడ పెట్టారు, తలుపు ఎటు తెరుచుకుంటుంది

సరుకు ఓడల్లో పడకగదులు లోడ్‌లైన్‌కి (నిండు సరుకుతో ఓడ ఎంతవరకు మునగొచ్చో చూపించే గీత) పైన, ఓడ మధ్యలోనో వెనకవైపో ఉండాలి. తప్పనిసరై ముందువైపు పెట్టినా కొలిజన్ బల్క్‌హెడ్ (ఓడ ముక్కు గుద్దుకున్నా నీళ్లు వెనక్కి రాకుండా ఆపే గోడ) దాటి ముందుకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. డ్రాయింగ్‌లో ఎక్కడైనా క్యాబిన్ లోడ్‌లైన్ కింద చూపిస్తే, ఫ్లాగు రాసిచ్చిన అనుమతి చూపించమని అడగండి. "మాట్లాడేశాం" అన్న మాట మీద ప్యానెళ్లు ఎక్కించకండి.

క్యాబిన్‌లోకి సరుకు గదుల నుంచి గానీ, ఇంజన్ రూమ్ నుంచి గానీ, గ్యాలీ (వంటగది), స్టోర్లు, బట్టలారేసే గది, అందరూ వాడే బాత్రూముల నుంచి గానీ నేరుగా ఏ దారీ ఉండకూడదు. దారంటే తలుపొక్కటే కాదు. పైపు వెళ్లిన కన్నం చుట్టూ మూయని సందు కూడా దారే. వాటి మధ్య గోడ స్టీలుదో ఆమోదించిన మరో పదార్థానిదో అయి, నీరూ గ్యాసూ చొరబడకుండా ఉండాలి. పెనెట్రేషన్లన్నీ (పైపులు, కేబుళ్లు గోడ దాటే కన్నాలు) మూసి, ఫొటో తీసి, ఆ తర్వాతే ముందు ప్యానెల్ బిగించండి. ప్యానెల్ ఎక్కాక లోపల మూశారో లేదో చెప్పగలిగేవాడు ఉండడు.

క్యాబిన్ తలుపు లోపలికి తెరుచుకోవచ్చు, నిజానికి అదే మంచిది. కారిడార్‌లో పరిగెత్తేవాడి మొహానికి తగలదు. బయటికి వెళ్లే దారిలోని తలుపులు మాత్రం తప్పించుకునే వైపుకే తెరుచుకోవాలి. సరుకు ఓడల్లో ఒక కొస మూసుకుపోయి అటు దారి లేని కారిడార్ 7 మీటర్లు మించి ఉండకూడదు. తలుపు కింద గాలి కోసం గ్రిల్ పెడితే అది తలుపు కింది సగంలోనే, మొత్తం ఖాళీ 0.05 చదరపు మీటర్లు మించకుండా. మెట్ల చుట్టూ ఉండే ఏ క్లాస్ (నిప్పుని ఎక్కువసేపు ఆపే) గోడల తలుపులకి గ్రిల్ మాటే ఎత్తకండి. బీ క్లాస్ (నిప్పుని అంతకన్నా తక్కువసేపు ఆపే) ప్యానెల్‌లో స్విచ్ బోర్డు కోసం కుర్రాడు గ్రైండర్‌తో కన్నం పెద్దది కోశాడంటే, ఆ ప్యానెల్ నిప్పుని ఆపే శక్తి అక్కడ పోయినట్టే. సిలికాన్ పూసి సరిపెడతానంటే ఒప్పుకోకండి, ప్యానెల్ మార్చించండి.

మంచం, లాకరు

మంచం లోపలి కొలత 198 × 80 సెంటీమీటర్లు, కనీసం. చెక్క ఫ్రేమ్ లోపల, పరుపు పడే చోట కొలవాలి. ఇద్దరి గదిలో ఒకదాని మీద ఒకటి పెడితే కింది మంచం నేల నుంచి 30 సెంటీమీటర్లకి తగ్గకూడదు. పోర్ట్‌హోల్ (ఓడ గుండ్రటి కిటికీ) కింద అయితే ఒకే వరస. తల దగ్గర చదువుకునే లైటు, దానికి మంచం మీంచే అందే స్విచ్. ఫోన్ పక్కన పెట్టుకునే చిన్న అంచు రూల్లో లేదు. పెట్టించండి. ఓడ ఊగినప్పుడు ఫోన్ పడిపోకుండా అంచుకి చిన్న కట్ట కూడా. ఇంటికి ఫోన్ చేసుకోవడం తప్ప వేరే కాలక్షేపం లేని మనిషికి అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

లాకరుది లీటర్ల లెక్క. బట్టల లాకరు 475 లీటర్లకి, డ్రాయర్ 56 లీటర్లకి తగ్గకూడదు. డ్రాయర్ లాకర్లోనే ఉంటే రెండూ కలిపి 500. లోపల ఒక అర, గదిలో ఉండే మనిషి తనే వేసుకోగల తాళం. ఇక్కడా అదే కథ. బయట 600 వెడల్పు, 500 లోతు, 1,800 ఎత్తు ఉన్న లాకరు చూడటానికి 540 లీటర్లు. 18 మిల్లీమీటర్ల బోర్డు తీసేస్తే లోపల సుమారు 564 × 480 × 1,764, అంటే 477. అతికష్టం మీద పాస్. అదే 1,800లో కింద 100 మిల్లీమీటర్ల పీఠం కూడా కలిసి ఉంటే లోపల ఎత్తు 1,664కి పడిపోతుంది, లాకరు 450కి. ఫెయిల్. ఫర్నిచర్ వెండర్లు కేటలాగులో వేసేది బయటి కొలత. ఆర్డర్ కాగితంలో "లోపలి ఘనపరిమాణం" అని రాయించండి, శాంపిల్ ఒకటి తెప్పించి మీరే కొలవండి. ఒక్క లాకరు తప్పయితే ఓడలో ఉన్నవన్నీ తప్పే కదా.

రాసుకునే బల్ల, సౌకర్యంగా ఉండే కుర్చీ తప్పనిసరి. అద్దం, పుస్తకాల అర, బట్టలు తగిలించే కొక్కేలు బీ భాగంలో ఉన్నాయి. వీటిమీద వాదన పెట్టుకోకుండా పెట్టేయండి. ఆ కొక్కేలకి పెట్టే ఖర్చు ఓడ ఖర్చులో కనపడదు.

చప్పుడు

ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ) నాయిస్ కోడ్ 2014 జులై 1 నుంచి అమల్లో ఉంది, 1,600 జీటీ, ఆపైన ఓడలకి. క్యాబిన్‌లో 10,000 జీటీ లోపైతే 60 డెసిబెల్స్, 10,000, ఆపైన అయితే 55 దాటకూడదు. మెస్ రూమ్‌కి ఐదు ఎక్కువ ఇచ్చారు. క్యాబిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ 35 డెసిబెల్స్ ఆపాలి, మెస్ రూమ్‌కీ క్యాబిన్‌కీ మధ్యదైతే 45. సీ ట్రయల్స్‌లో, అంటే ఓడని సముద్రంలో నడిపి చూసేటప్పుడు, ఇంజన్ గరిష్ఠ శక్తిలో కనీసం 80 శాతం మీద నడుస్తుండగా, తలుపులు కిటికీలు మూసి, ఏసీ నడిపిస్తూ కొలుస్తారు. అంటే ఫలితం తెలిసేసరికి మీ పని మొత్తం అయిపోయి ఉంటుంది. ఇక్కడే టెన్షన్.

ప్యానెల్ మందం పెంచితే సరిపోతుందని ఓనర్ తరఫువాళ్లు కూడా అనుకుంటారు. క్యాబిన్‌లో వినపడేదాంట్లో ఎక్కువ భాగం గాల్లో రాదు, స్టీలు పట్టుకుని వస్తుంది. ఇంజన్ వణుకు డెక్కులోకి, డెక్కు నుంచి ప్యానెల్‌లోకి, ప్యానెల్ నుంచి చెవిలోకి. ప్యానెల్ ఎక్కడ స్టీలుని నేరుగా తాకితే అక్కడ వంతెన వేసినట్టే. ఫ్లోటింగ్ ఫ్లోర్ వేసేటప్పుడు అంచుల్లో పెట్టాల్సిన రాక్‌వుల్ పట్టీ వదిలేస్తే, పోసిన కాంపౌండ్ గోడ స్టీలుకి అంటుకుని గట్టిపడిపోతుంది. అప్పుడు అది ఫ్లోటింగ్ పేరుకే. కాంపౌండ్ పోసే రోజు మీరు అక్కడ ఉండండి. మిగతా పనులు ఫోన్‌లో చూసుకోవచ్చు, ఇది కుదరదు.

ఒక ఓడ ట్రయల్స్‌లో బోసన్ (డెక్కు నావికుల మేస్త్రి) క్యాబిన్ మాత్రం పక్కవాటికన్నా బాగా ఎక్కువ చూపించింది. గుయ్యిమని సన్నటి మోత. డిజైన్ ఆఫీసు మందం పెంచాలంది. మేం చేసింది ఇది: ఇంజన్ నడుస్తుండగానే ఇద్దరు మనుషులు ప్యానెళ్ల మీద అరచేతులు ఆనించి గది చుట్టూ నెమ్మదిగా తిరిగారు. ఒక్కచోట నొక్కితే మోత ఆగింది, వదిలితే మళ్లీ వచ్చింది. ఆ ప్యానెల్ విప్పితే వెనక వేడినీళ్ల పైపు యూ బోల్టు చివర ప్యానెల్ పై ప్రొఫైల్‌కి ఆనుకుని ఉంది. బోల్టు చివర కోసేసి, క్లాంపు కింద నియోప్రీన్ ముక్క పెట్టాం. మోత పోయింది. అప్పటినుంచి ప్యానెళ్లు మూసేముందు ఒక పోస్ట్‌కార్డు ముక్క పట్టుకుని పైపులకీ ప్యానెళ్లకీ మధ్య దూర్చి చూడటం మా గ్యాంగ్‌కి అలవాటైంది. కార్డు దూరకపోతే ఆ చోట సుద్దముక్కతో గుర్తు.

వంతుల వారీగా రాత్రీ పగలూ డ్యూటీ చేసే వాచ్ కీపర్లు పగలు పడుకుంటారు. వీలైనంతవరకు వాళ్ల గదులు వేరుగా, పగలు పనిచేసేవాళ్లతో కలవకుండా ఉండాలని బీ భాగం అంటుంది. కిటికీకి వెలుతురు పూర్తిగా ఆపే కర్టెన్ వేయించండి.

నీళ్లు పడే చోట

ప్రతి ఆరుగురికీ కనీసం ఒక టాయిలెట్, ఒక వాష్ బేసిన్, ఒక షవర్ లేదా టబ్. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా. సొంత బాత్రూమ్ లేని క్యాబిన్‌లో వేడి, చల్లటి మంచినీళ్లు వచ్చే బేసిన్ ఉండాలి. బ్రిడ్జికి (ఓడ నడిపే గది) దగ్గర్లో ఒకటి, ఇంజన్ రూమ్‌కి దగ్గర్లో ఒకటి టాయిలెట్ తప్పదు. బాత్రూమ్ గాలి నేరుగా బయటికే పోవాలి, క్యాబిన్ గాలి లైనుతో కలవకూడదు. గోడలు డెక్కు నుంచి కనీసం 23 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు దూరకుండా ఉండాలి.

కట్టేటప్పుడు ఓడ బిల్డింగ్ బెర్త్ మీదో డాక్‌లోనో ఉంటుంది కాబట్టి నేల వాలు మన కళ్లకి బాగానే కనిపిస్తుంది. సముద్రంలో అలా ఉండదు. సరుకు దించేసిన ఓడ వెనక్కి వాలి నిలబడుతుంది. నీళ్లు పోయే స్కప్పర్ బాత్రూమ్‌కి ముందు మూలలో పెట్టారంటే, ఖాళీ ఓడలో స్నానం చేసినప్పుడల్లా నీళ్లు వెనక మూలలో నిలుస్తాయి. వెనక మూలలోనే పెట్టించండి, పెద్ద బాత్రూమ్ అయితే రెండు మూలల్లో. టైల్స్ వేయకముందే ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి.

మెస్ రూమ్ పడకగదులకి దూరంగా, గ్యాలీకి దగ్గరగా. కూర్చునే ఒక్కొక్కరికి 1.5 చదరపు మీటర్ల లెక్కన. 15 మంది, అంతకు మించి ఉండి, మూడు రోజులు దాటే ప్రయాణం చేసే ఓడలో విడిగా ఆసుపత్రి గది ఉండాలి, అది వైద్యానికే వాడాలి. పెయింట్ డబ్బాలు అందులో పెట్టారంటే సర్వేయరు వదలడు. దోమలున్న పోర్టులకి వెళ్లే ఓడకి దోమతెరలు కావాలి. మన తీరంలో ఓడ కట్టేవాళ్లకి ఈ రూల్ గురించి వివరించే పని లేదు.

2024 డిసెంబర్ 23 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో నావికులకి ఇంటర్నెట్ సౌకర్యం కల్పించాలన్నది ఉంది. క్యాబిన్ల స్టీలు గోడల మధ్య వైఫై సరిగ్గా పారదు. ప్రతి కారిడార్‌లో యాక్సెస్ పాయింట్‌కి, ప్రతి క్యాబిన్ బల్ల దగ్గరకి కేబుల్ ఇప్పుడే లాగించండి. సీలింగ్ మూసేశాక కేబుల్ లాగడం అంటే మళ్లీ కొత్త పెనెట్రేషన్లు, మళ్లీ కొత్త సీళ్లు.

సర్వే రోజు

సర్వేయరు వచ్చేసరికి మీ షీట్ ప్రింటు ఆయన చేతిలో పెట్టండి. ప్రతి గదికీ మీరు కొలిచిన చివరి కొలత, తేదీ, సంతకం. అంకెలు ముందే పెట్టినవాణ్ణి సర్వేయరు రెండు మూడు గదుల్లో సరిచూసి వదిలేస్తాడు. అంకెల కోసం తడుముకునేవాడి దగ్గర అన్ని గదులూ కొలుస్తాడు. తక్కువొచ్చిన గది ఉంటే దాచకండి, ఫ్లాగు మినహాయింపు కాగితం పక్కన పెట్టి మీరే చూపించండి. అన్ని షవర్లలో వేడినీళ్లు ముందే ఒకసారి తిప్పి చూడండి, ఏసీ ముందు రోజు రాత్రి నుంచే నడవనివ్వండి. ప్యానెళ్ల మీది ప్లాస్టిక్ ఫిల్మ్ తీయించండి, దాని కింద గీతలు ఉంటే అప్పుడే బయటపడతాయి. ప్రతి లాకరు తాళం ఆ గది తాళంతో కలిపి నంబరు ట్యాగు కట్టి ఇవ్వండి.

ఆ షీట్ కాపీ, పెనెట్రేషన్ల ఫొటోలు మీ దగ్గర కూడా ఉంచుకోండి. ఐదేళ్లకి ఆ ఓడ సర్టిఫికెట్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఏ ప్యానెల్ వెనక ఏముందని మళ్లీ మీకే ఫోన్ చేస్తారు.